పొదుపు సంఘం పేరుకే మిగిలింది, లీడరుతో గొడవ పడకుండా మళ్లీ ఎలా నిలబెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పన్నెండు మంది సభ్యుల పొదుపు సంఘం. పదేళ్లుగా మొదటి లీడరు ఒక్కరే. సమావేశం జరగదు. ఆవిడే ఇంటింటికీ తిరిగి పొదుపు వసూలు చేసుకుంటారు, సంతకాలు తర్వాతెప్పుడో పెట్టించుకుంటారు. బ్యాంకు లోను వచ్చిన రోజే అందరూ ఒకచోట కనబడతారు. ఈ మధ్యే మిమ్మల్ని రెండో లీడరుగా పెట్టారు. వాడలో తగాదా రాకుండా సంఘాన్ని దారిలో పెట్టడం ఎలా, నలుగురిలో నోరు పెగలని నేను ఈ పని చేయగలనా అన్నది మీ ప్రశ్న.

చేయగలరు. కానీ లీడరును మార్చడంతో మొదలుపెట్టకండి. లెక్కను అందరి ముందు పైకి చదవడంతో మొదలుపెట్టండి. మొదటి మూడు నెలలు మూడే పనులు: సమావేశానికి ఒక తేదీ, ఒక చోటు ఖాయం చేయడం, ప్రతి సమావేశంలో లెక్క గట్టిగా చదివించడం, లీడరు ఒక్కరే మోస్తున్న పనిని ఐదారుగురి చేతుల్లో పెట్టడం. లీడరు మార్పు నాలుగో నెలలోనో ఆరో నెలలోనో తీర్మానంతో రావాలి. అప్పటికి అది గొడవ కాదు, మామూలు పని అవుతుంది.

ముందు కారణం చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకపోతే రెండో నెలకే మీకు విసుగొస్తుంది. సంఘాలు డబ్బు పోయి చెడేది తక్కువ. ఎవరి దగ్గర ఎంత ఉందో ఒక్కరికే తెలియడం వల్ల చెడేది ఎక్కువ. ఒక్కరికే తెలిసినప్పుడు మిగతా పదకొండు మందికి అడగడానికి కూడా మాట దొరకదు. ఏమని అడుగుతారు? "నా డబ్బు ఏదీ?" అంటే దొంగతనం అంటగట్టినట్టు ఉంటుంది. అందుకే నోరు మూసుకుని, వెనకాల గుసగుసలాడతారు. లీడరుకు ఆ గుసగుసలు చేరతాయి, ఆవిడ ఇంకా బిగుసుకుంటారు. లెక్క నెలనెలా పైకి చదివితే అడగాల్సిన అవసరమే ఉండదు, అనుమానానికి చోటుండదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతో నడిచిన ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మీదికి వెళ్లేముందు చేసింది అక్షరాస్యత తరగతిలో పాఠం చదివి, దాని చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడమే. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపు పెద్ద ఎత్తున మొదలైంది. గుండ్రంగా కూర్చుని పైకి చదవడానికి ఎంత బలముందో మన సంఘాల పుట్టుకలోనే ఉంది.

తేదీ, చోటు

బ్యాంకు కిస్తీ గడువు ఏ తేదీనో ముందు చూడండి. గడువు 10 అయితే సమావేశం 5న పెట్టండి, 7లోపు బ్యాంకులో కట్టేయండి. మధ్యలో సెలవు వచ్చినా ఇబ్బంది ఉండదు. "వీలైనప్పుడు కూర్చుందాం" అంటే ఎప్పుడూ కూర్చోరు. కూలికి వెళ్లేవాళ్లు ఉంటే రాత్రి ఏడు గంటలు మేలు, పొద్దున పది గంటలకు పెడితే వాళ్లను రావద్దని చెప్పినట్టే.

చోటు లీడరు ఇల్లు కాకూడదు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, ఒకరి ఇంట్లో కూర్చుని ఆ ఇంటావిడను లెక్క అడగడం మన దగ్గర ఎవరికీ చేతకాదు. గుడి అరుగు, అంగన్‌వాడీ గది, బడి వరండా, గ్రామ సంఘం (ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసి ఏర్పడ్డది) ఆఫీసు, ఏదైనా సరే. చాప పరిచి గుండ్రంగా కూర్చోవాలి. లీడర్లు కుర్చీల్లో, మిగతావాళ్లు కింద అన్న పద్ధతి ఉంటే మొదటి రోజే ఆ కుర్చీలు పక్కన పెట్టించండి.

సమావేశం ఎలా నడవాలి

గంటా పావు చాలు. హాజరుకు ఐదు నిమిషాలు. పోయిన నెల తీర్మానం చదివి, అందులో ఏది జరిగింది, ఏది జరగలేదు అని చెప్పుకోవడానికి పది నిమిషాలు. పొదుపు, అప్పుల కట్టుబడికి ఇరవై ఐదు. కొత్త అప్పులు ఎవరికి అన్నదానికి ఇరవై. తీర్మానం రాసి, చదివి, సంతకాలు పెట్టడానికి పదిహేను. మన పంచసూత్రాలు (క్రమం తప్పని సమావేశం, పొదుపు, సంఘం సొంత డబ్బులోంచి సభ్యులకిచ్చే అంతర్గత అప్పు, సకాలంలో కట్టుబడి, పుస్తకాలు) ఐదూ ఈ గంటా పావులోనే ఉన్నాయి. సమావేశం ఒక్కటి పోతే మిగతా నాలుగూ వాటంతటవే పోతాయి.

డబ్బు తీసుకునే ఆ ఇరవై ఐదు నిమిషాలు దగ్గరగా చూడండి, సంఘం ప్రాణం అక్కడే ఉంది. చాప మధ్యలో ఒక తుండుగుడ్డ పరవండి. ఒక్కొక్కరూ వరసగా వచ్చి డబ్బు ఆ గుడ్డ మీద పెట్టి, తన లెక్క తానే పైకి చెప్పాలి: "పొదుపు వంద, అసలు ఐదొందలు, వడ్డీ ఎనభై." పక్కనున్న ఇద్దరు లెక్కపెట్టి "ఆరు వందల ఎనభై" అని తిరిగి చెప్పాలి. అప్పుడే పుస్తకం రాసేవారు పుస్తకంలోనూ, సభ్యురాలి పాస్ బుక్కులోనూ రాయాలి. పాస్ బుక్కు లేకుండా వచ్చినవారి డబ్బు తీసుకోవచ్చు, కానీ వాళ్లకు తెల్ల కాగితం మీద రాసి సంతకంతో ఇవ్వాలి. అందరూ కట్టాక లీడరు లేచి మొత్తం లెక్క చదవాలి. మీలాంటి పన్నెండు మంది సంఘానికి అది సుమారుగా ఇలా ఉంటుంది:

పోయిన నెల చేతి నిల్వ 350. పొదుపు పన్నెండు వందలు. అంతర్గత అప్పుల అసలు 6,500. బయట ఉన్న 74,000 మీద నూటికి రూపాయి వడ్డీ 740. ఆలస్యం జరిమానా ఇద్దరిది 20. మొత్తం వచ్చింది 8,810.

కొత్త అప్పులు ఇద్దరికి 7,000. బ్యాంకుకు వెళ్లొచ్చిన ఆటో చార్జీ 60. బ్యాంకులో వేసేది 1,500. చేతి నిల్వ 250. మొత్తం 8,810.

రెండు మొత్తాలూ కలిసేదాకా ఎవరూ లేవకూడదు. పది రూపాయలు తేడా వచ్చినా అక్కడే వెతకాలి. పది రూపాయలకు ఇంత రాద్ధాంతమా అని ఎవరో ఒకరు అంటారు. పదికి వెతికే అలవాటున్న సంఘంలో పది వేలు తప్పిపోవు. (బ్యాంకు లోను కిస్తీల లెక్క ఇందులో కలపకండి. అది వేరే పేజీలో, వేరే గుడ్డ మీద అనుకోండి. రెండూ కలిపి వసూలు చేయడమే చాలాచోట్ల చిక్కులకు మొదలు.)

ఆ 60 రూపాయల ఆటో చార్జీని గమనించారా? పదేళ్లుగా మీ లీడరు బ్యాంకుకు, మండలానికి ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో, ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుని ఉంటారో ఎవరైనా లెక్క రాశారా? రాయకపోతే రేపు తేడా బయటపడినప్పుడు "ఇన్నేళ్లు నా చేతి డబ్బు పెట్టుకుని తిరిగాను" అనే మాట వస్తుంది. అందులో నిజమూ ఉంటుంది. అందుకని మొదటి సమావేశంలోనే ప్రయాణ ఖర్చు సంఘమే భరిస్తుందని తీర్మానం చేయండి. ఆవిడ పట్ల మర్యాద చూపడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. రేపు వేరేవాళ్లు వెళ్లడానికీ దారి తెరుచుకుంటుంది.

పాత లెక్క తేల్చడం

కొత్త లెక్క మొదలైంది సరే, పదేళ్ల పాతది ఏం చేయాలి? రెండో నెలలో, మొదటి నెలలో కాదు, ఈ ఒక్క లెక్క వేయండి. సంఘం సొంత నిధి అంటే మొత్తం పొదుపు, దాని మీద వచ్చిన వడ్డీ, జరిమానాలు కలిపి, ఖర్చులు తీసేస్తే మిగిలేది. ఆ డబ్బు ఇప్పుడు మూడు చోట్లే ఉండాలి: సభ్యుల దగ్గర అప్పుగా, బ్యాంకు పొదుపు ఖాతాలో, చేతిలో.

నెలకు వంద చొప్పున పన్నెండు మంది పదేళ్లు కడితే పొదుపు 1,44,000. వడ్డీ 38,500, జరిమానాలు 1,200 వచ్చి, ఖర్చులు 9,700 పోయాయనుకుందాం. సొంత నిధి 1,74,000 ఉండాలి. ఇటుపక్క అంతర్గత అప్పులు 74,000, బ్యాంకులో 92,650, చేతిలో 350, కలిపితే 1,67,000. ఏడు వేలు కలవలేదు.

ఇక్కడే సంఘాలు నిట్టనిలువునా చీలిపోతాయి. "ఏడు వేలు ఏమయ్యాయి?" అని లీడరు ముఖంలోకి చూసి అడిగితే ఆ రోజుతో సరి. "ఏడు వేలు కలవడం లేదు, ఎక్కడ తప్పిందో అందరం కలిసి వెతుకుదాం" అనండి. ఇది తియ్యగా మాట్లాడటం కోసం చెప్పడం లేదు. తేడాకు కారణాలు నిజంగానే చాలా ఉంటాయి: బ్యాంకు కోసుకున్న చార్జీలు పుస్తకంలో ఎక్కకపోవడం, ఎవరి కిస్తీనో గడువు దాటకుండా సంఘం డబ్బుతో కట్టి, తర్వాత రాయడం మరిచిపోవడం, అప్పు ఇచ్చిన రోజు రాయకుండా వదిలేయడం, వసూలు కాని వడ్డీని వచ్చినట్టుగా రాసేయడం. వెతికే పద్ధతి ఏమిటంటే, బ్యాంకు పాస్ బుక్కు పూర్తిగా ప్రింట్ చేయించండి. పన్నెండు మంది పాస్ బుక్కులూ ఒకచోట తెప్పించండి. లెక్క కలిసిన ఆఖరి మార్చి నెల ఏదో పట్టుకోండి. అక్కడి నుంచి ముందుకు నెల తర్వాత నెల రండి. గ్రామ సంఘం పుస్తకాలు రాసే వీవోఏను గానీ, మీ ప్రాంతపు సంఘాలను చూసే ఉద్యోగి సీసీని గానీ ఆ రోజు కూర్చోమని అడగండి, అది వాళ్ల పనే. పట్టణంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న సంఘమైతే మీ సంఘాలను చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్) అడగండి.

లీడరు వాడుకున్నట్టే తేలితే? అప్పుడు కూడా అరుపులు పనికిరావు. ఆ మొత్తాన్ని ఆవిడ పేరున అప్పుగా రాసి, నెలకింత చొప్పున ఫలానా నెలలోపు కడతానని తీర్మానం రాయించి, అందరూ సంతకాలు పెట్టండి. చాలావరకు డబ్బు ఇలాగే తిరిగి వస్తుంది. మొత్తం పెద్దదై, ఆవిడ ఒప్పుకోకపోతే తీర్మానం కాపీతో గ్రామ సంఘానికి, అక్కడి నుంచి మండలంలో సంఘాల పని చూసే అధికారి ఏపీఎంకు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటి మాటగా ఫిర్యాదు చేయకండి, అది ఊరంతా తిరిగి మీ మీదికే వస్తుంది.

ఈ మూడు మాత్రం మొదటి రోజు నుంచే ఆపాలి

ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాల మీద, చెక్కుల మీద సంతకం. ఇప్పుడు మీరు రెండో లీడరు, బ్యాంకు మీ సంతకం కూడా అడుగుతుంది. "మళ్లీ మళ్లీ రావడం ఎందుకు, ఓ పది ఫారాల మీద పెట్టేయ్ వదినా" అంటారు. పెట్టకండి. మొత్తం అంకెల్లో, అక్షరాల్లో నింపి, తీర్మానం నంబరు వెనక రాశాకే సంతకం.

సంఘం డబ్బు లీడరు సొంత ఫోన్ నంబరుకు పంపడం. ఫోన్‌లో పంపేవాళ్లు నేరుగా సంఘం ఖాతాకే వేయాలి. సొంత డబ్బులో సంఘం డబ్బు కలిస్తే మంచివాళ్లకు కూడా లెక్క తప్పుతుంది.

ఒకరి పేరు మీద మరొకరు వాడుకోవడం. బ్యాంకు ఆరు లక్షలు ఇస్తే పన్నెండు మందికి తలా యాభై వేలు పంచేస్తారు. ముగ్గురికి అవసరం లేదు. వాళ్ల వాటా కూడా ఒకావిడే తీసుకుంటుంది. ఇక నాలుగు కిస్తీలు నెలనెలా ఒకే ఇంటి నుంచి రావాలి. ఆ ఇంట్లో ఒక జబ్బో, ఒక పెళ్లో వస్తే నాలుగూ ఒకేసారి ఆగుతాయి. అడిగితే మిగతా ముగ్గురు "మేం వాడుకోలేదుగా" అంటారు. కాగితాల మీద మాత్రం బాకీ వాళ్లదే. కిస్తీ 90 రోజులు దాటి నిలిచిపోతే బ్యాంకు దాన్ని మొండి బాకీగా లెక్కేస్తుంది, మొత్తం పన్నెండు మందికీ తర్వాతి లోను దారి మూసుకుపోతుంది. సమానంగా పంచడం న్యాయంలా కనబడుతుంది గానీ న్యాయం కాదు. ఎవరికి ఎంత, దేనికి అని సమావేశంలో ఎవరిది వాళ్లే చెప్పాలి. బ్యాంకు లోను డబ్బు సంఘం ఖాతా నుంచి ఎవరి ఖాతాకు వాళ్లకే వెళ్లాలి, నగదుగా చేతికి ఇవ్వకూడదు.

మాట్లాడని వాళ్లతో మాట్లాడించడం

"ఎవరికైనా ఏమైనా ఉంటే చెప్పండి" అని అడిగితే ఎప్పుడూ మాట్లాడే ఇద్దరే మాట్లాడతారు. ఆ వాక్యాన్ని మానేయండి. ప్రశ్న సూటిగా, పేరు పెట్టి, వరసలో వేయండి: "లక్ష్మక్కా, ఈ నెల అప్పు ముందు ఎవరికి ఇవ్వాలంటావు, ఎందుకు?" ప్రతి నెలా వరస వేరేవాళ్ల దగ్గర మొదలవ్వాలి. లీడరు అభిప్రాయం ఆఖర్న రావాలి. ఆవిడ ముందే చెప్పేస్తే మిగతావాళ్లంతా "అలాగే కానీయండి" అంటారు.

మాట రావడానికి మెట్లు ఉన్నాయి. మొదటి నెల తన అంకెలు తాను చెప్పడం: "నా పొదుపు పన్నెండు వేలు, నా అప్పు ఇంకా ఎనిమిది వేలు." ఇది చిన్నదనుకోకండి, పదిమందిలో తన డబ్బు గురించి తన నోటితో చెప్పడం చాలామందికి జీవితంలో మొదటిసారి. రెండో నెల పోయిన నెల తీర్మానం చదవడం. చదువు రానివాళ్లయితే పక్కవాళ్లు మెల్లగా చదివి వినిపిస్తే, దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పడం. మూడో నెల ఒక అంశం తాను నడపడం, అంటే పొదుపు వసూలో, అప్పుల చర్చో. నాలుగో నెల సమావేశం మొత్తం నడపడం. ఆ తర్వాత లీడరుతో కలిసి గ్రామ సంఘం సమావేశానికి వెళ్లి, తిరిగొచ్చి అక్కడేం చెప్పారో మూడు విషయాలు చెప్పడం. మూడు చాలు, ఎక్కువ అడిగితే భయపడతారు.

వేలిముద్ర వేసేవాళ్లు ఉంటే సంతకం నేర్పడం పాస్ బుక్కు మీదే మొదలుపెట్టండి. అందులో ఉన్నవి వాళ్ల సొంత అంకెలు. వంద, ఐదొందలు, వెయ్యి గుర్తుపట్టడం రెండు మూడు నెలల్లో వస్తుంది. పలక, అచ్చులు, హల్లులు అంటే సిగ్గుపడతారు, మానేస్తారు. తన పాస్ బుక్కు తాను చదువుకోవడం అనేసరికి పట్టుదల వస్తుంది.

ఇంకో మాట. ఎవరైనా తప్పు అంకె చెబితే నవ్వనివ్వకండి. ఒక్కసారి నవ్వితే ఆవిడ ఏడాదిపాటు నోరు విప్పదు.

కిస్తీ కట్టనివాళ్ల సంగతి

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. పదిమంది వెళ్లి ఇంటి ముందు కూర్చోవడం, సామాన్లు బయట పెట్టడం, పిల్లల ముందు మాట్లాడటం ఎంత మాత్రం చేయకూడదు. డబ్బు ఆ రోజుకు రావచ్చు. అది నూటికి ఐదో పదో వడ్డీకి తెచ్చిన డబ్బు అయ్యుంటుంది, మూడో నెల మళ్లీ ఆగుతుంది, ఈసారి మనిషి కూడా కనబడదు. అవమానంతో మనుషులు ప్రాణాలు తీసుకున్న సందర్భాలు మన రాష్ట్రంలో అందరం చూశాం. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది కూడా అలాంటి వసూళ్ల వల్లే. పొదుపు సంఘం ఆ దారిన నడవకూడదు.

ముందు ఇద్దరే వెళ్లాలి, చీకటి పడకముందే, ఆవిడకు దగ్గరివాళ్లు ఒకరు ఉండేలా. మొదటి మాట డబ్బు గురించి కాదు, "ఏమైంది?" అని. పని లేకపోవడం, ఆసుపత్రి, భర్త తాగుడు, కొడుకు ఫీజు, పంట పోవడం, కారణాన్ని బట్టి దారి మారుతుంది. రెండు నెలల ఇబ్బంది అయితే కిస్తీ సగం చేసి గడువు పెంచుతూ తీర్మానం చేయండి, బ్యాంకు కిస్తీలో తగ్గినంత అంతర్గత నిధి నుంచి ఆవిడ పేరున అప్పుగా సర్దండి. ఉండీ కట్టకపోతే ఆ విషయం సమావేశంలో, ఆవిడ ఉండగానే మాట్లాడాలి. ఆవిడ లేనప్పుడు మాట్లాడుకున్నది ఏదైనా చాడీయే అవుతుంది. సంఘం వాట్సాప్ గ్రూపులో సమావేశం తేదీ, ఆ నెల లెక్క పేజీ ఫొటో, ఈ రెండే రావాలి. అప్పు అడగడం అక్కడ అసలే వద్దు.

జరిమానా పది రూపాయలు చాలు. కానీ లీడరు ఆలస్యంగా వస్తే ముందు లీడరే కట్టాలి, లేకపోతే అది జరిమానా కాదు, పెత్తనం.

లీడరును మార్చే తీరు

మూడు నాలుగు నెలలు పని పంచుకున్నాక లీడరు పదవిలో మిగిలేది బ్యాంకు సంతకం, గ్రామ సంఘంలో ప్రాతినిధ్యం. అప్పుడు "రెండేళ్లకోసారి ఇద్దరు లీడర్లూ మారాలి, ఇద్దరూ ఒకేసారి మారకూడదు" అని నియమం తీర్మానించండి. నియమం అందరికీ వర్తిస్తుంది కాబట్టి ఒకరిని దించినట్టు ఉండదు. మూడింట రెండొంతుల మంది, మీ సంఘంలో ఎనిమిది మంది, హాజరైతేనే ఇలాంటి తీర్మానం చేయాలి. తీర్మానం ఇలా రాయొచ్చు:

"ఈ రోజు ఫలానా తేదీన జరిగిన సమావేశానికి పన్నెండు మందికి పదకొండు మంది హాజరైనాము. ఇన్నేళ్లు మొదటి లీడరుగా పనిచేసిన ఫలానా వారికి కృతజ్ఞతలు తెలుపుతూ, వారి స్థానంలో ఫలానా వారిని మొదటి లీడరుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నాము. ఇకపై బ్యాంకు ఖాతాను వీరు, రెండో లీడరు కలిసి నిర్వహించుటకు తీర్మానించడమైనది."

దాని కింద పాత లీడరు సంతకం కూడా ఉండాలి. తీర్మానం కాపీ, కొత్త లీడరు ఆధార్, ఫొటోలు, సంఘం పాస్ బుక్కు తీసుకుని పాతవారు, కొత్తవారు కలిసి బ్యాంకుకు వెళ్లాలి. లోను దరఖాస్తు మధ్యలో ఉండగా లీడరును మార్చకండి. పత్రాల మీద పాత సంతకాలుంటాయి, అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. లోను వచ్చి పంపిణీ అయ్యాక మార్చండి. పాత లీడరుకు బ్యాంకులో, మండలంలో ఉన్న పరిచయం పదేళ్ల కష్టార్జితం. ఆరు నెలలపాటు కొత్తావిడను వెంటబెట్టుకుని తిప్పే పని ఆవిడకే అప్పగించండి.

బ్యాంకు సంగతి వచ్చింది కాబట్టి మీరు తెలుసుకోవాల్సినవి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల పథకం కింద రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల ప్రకారం, పుస్తకాల ప్రకారం కనీసం ఆరు నెలలు చురుగ్గా నడుస్తూ పంచసూత్రాలు పాటించే సంఘం లోనుకు అర్హం. మొదటి విడత సంఘం సొంత నిధికి ఆరు రెట్లు లేదా లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. అంటే లెక్కలు సరిగ్గా ఉంటే నిధి ఎంతో చూపించగలరు, ఎక్కువ అడగగలరు. పది లక్షల వరకు లోనుకు హామీ అడగకూడదు, డిపాజిట్ పెట్టమనకూడదు, సంఘం పొదుపు ఖాతాలో డబ్బు తీయకుండా ఆపకూడదు. "లోను తీరేదాకా పొదుపు తీయడానికి వీల్లేదు" అని ఎవరైనా అంటే మర్యాదగా ఆ మాట రాసిమ్మని అడగండి, సీసీకి చెప్పండి. పొదుపు బ్యాంకులో ఊరికే పడి ఉంటే అంతర్గత అప్పులు ఆగిపోతాయి, అవసరం వచ్చిన సభ్యురాలు మళ్లీ బయటి వడ్డీకే పోతుంది. పైన మన లెక్కలో 92,650 బ్యాంకులో ఉంది చూడండి, అది అలాంటి నిద్రపోతున్న డబ్బే. అందులో ఒక పాతిక వేలు అత్యవసరానికి ఉంచి మిగతాది సభ్యుల మధ్య తిప్పితే నూటికి రూపాయి వడ్డీ కూడా సంఘానికే వస్తుంది.

ఇక మీ నోరు పెగలకపోవడం. మొదటి సమావేశంలో మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. అంతకు వారం ముందు మీ లీడరు ఇంటికి ఒక్కరే వెళ్లండి. "అక్కా, ఇన్నేళ్లు నువ్వొక్కదానివే తిరిగావు, నన్ను రెండో లీడరుగా పెట్టారు గానీ నాకు పుస్తకం చూడటం కూడా రాదు, నేర్పు" అని అడగండి. ఇది నిజమే కాబట్టి మీ గొంతు వణకదు. పుస్తకం ఆవిడ దగ్గరే కూర్చుని ఒక గంట చూడండి, తప్పులు కనబడినా ఆ రోజు ఎత్తకండి. లేచేముందు, "వచ్చే 5న అంగన్‌వాడీలో కూర్చుందామా, లెక్క నువ్వే చదువు, నేను హాజరు వేస్తాను" అనండి. ఒప్పుకుంటే మీరిద్దరూ కలిసే అందరికీ చెప్పండి. ఒప్పుకోకపోతే పది రోజులాగి మళ్లీ అడగండి, ఈసారి ఆవిడ మాట వినే పెద్దావిడ ఒకరిని తోడు తీసుకెళ్లండి. సమావేశం రోజు ఒక చీటీ మీద ఇంతే రాసుకుని వెళ్లి, చూసి చదవండి: "ఈ నెల నుంచి మనం 5వ తేదీన ఇక్కడే కూర్చుందాం. ఎవరి లెక్క వాళ్లం చెప్పుకుందాం. ముందు నాది చెబుతాను." చెప్పి, మీ పాస్ బుక్కు తెరవండి.